టైల్స్ కోసం గొలుసు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఇల్లు కట్టి పాతికేళ్ళు దాటింది. మా అత్తగారు మోకాళ్ళ నొప్పులతో కింద కూర్చోలేకపోతున్నారు. అందుకని లోపలి బాత్రూంలో (8 అడుగులు, 5 అడుగులు) ఇండియన్ సీటు తీయించి కమోడ్ పెట్టిద్దామని పని మొదలుపెట్టాం. 1,80,000లో అయిపోతుందనుకున్నాం. పగలగొట్టడం, పైపులు, వాటర్‌ప్రూఫింగ్, కరెంటు పని కలిపి ఇప్పటికే 1,15,000 అయింది. టైల్స్ ఇంకా కొననేలేదు. అడుగు 45 రూపాయలది చాలని మా వారు, 65ది నాకు నచ్చింది. అది తేలక మూడు రోజులు మేస్త్రీకి, హెల్పరుకి రోజుకి 1,900 చొప్పున ఊరికే కూలి ఇచ్చాం. హైదరాబాద్‌లో ఉన్న అబ్బాయి వాల్ హంగ్ (నేలకి ఆనకుండా గోడకి బిగించే) కమోడే కావాలంటాడు. ఆడపడుచు గ్లాస్ పార్టిషన్ అంటుంది. అందరి మాటా వింటే ఇంకా 1,40,000 కావాలి. నా నాలుగు కాసుల గొలుసు పెట్టి లక్ష తెమ్మంటారా? మా వారి జీతం 38,000. 2 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఎకరంన్నర కౌలుకిచ్చాం, సార్వా తాలూకు 18 బస్తాలు జనవరిలో వస్తాయి. సంక్రాంతికి అమ్మాయీ అల్లుడూ వస్తున్నారు. ఈ చిరాకుతో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, గొలుసు తియ్యకండి. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు నిద్ర పట్టకుండా చేస్తున్న ఆ టైల్ సంగతి చూద్దాం.

మీ గోడల చుట్టుకొలత 26 అడుగులు. 7 అడుగుల ఎత్తు దాకా టైల్ వేస్తే 182 చదరపు అడుగులు. తలుపు తీసేస్తే 164 మిగులుతుంది. నేల 40. మొత్తం 204. ముక్కలు కోయడంలో పోయేదానికి పదో వంతు కలుపుకుంటే 225 అడుగులు. మీకూ మీ వారికీ ఉన్న తేడా అడుగుకి 20 రూపాయలు, అంటే మొత్తం మీద 4,500. ఆ 4,500 ఎటూ తేలక మీరు ఊరికే ఇచ్చిన కూలి 5,700. నచ్చిన టైల్ కొనేసినా మీకు ఇంకా 1,200 మిగిలేది!

ఎత్తిపొడవడానికి అనడం లేదు. ఇల్లు బాగుచేయించేవాళ్ళు దాదాపు అందరూ ఇక్కడే ఇరుక్కుంటారు. ధర ఒక్కటే కనపడుతుంది, ఆలస్యం ఖరీదు ఏ బిల్లులోనూ రాదు. కాబట్టి ఈ పని పూర్తయ్యేదాకా ఒక పద్ధతి పెట్టుకోండి. రెండు వస్తువుల మధ్య తేడా మీ ఒకరోజు కూలి 1,900 లోపు ఉంటే దాని గురించి చర్చే వద్దు, ఎవరికి ఏది తోస్తే అది తెచ్చేయండి. అంతకు మించితే ఆ సాయంత్రం కూర్చుని మాట్లాడుకుని, పొద్దున మేస్త్రీ వచ్చేలోపు నోటు పుస్తకంలో రాసిపెట్టండి. షాపులో నిలబడి ఫోన్లో అబ్బాయిని అడగడం మాత్రం మానెయ్యాలి. మేస్త్రీని కూడా రాబోయే నాలుగు రోజుల్లో ఏమేం కావాలో ఈరోజే చెప్పమనండి. రోజుకో ప్రశ్న ఆయనకి అలవాటు, మీకు టెన్షన్. వీలైతే టైల్స్ పని రోజుకూలి కాకుండా అడుగు లెక్కన మాట్లాడుకోండి. అప్పుడు ఆలస్యమైతే ఆయనే మిమ్మల్ని తొందరపెడతాడు.

ఇక డబ్బు సర్దుబాటు. నా లెక్క ఒక్కటే. గోడ లోపల, నేల కింద ఉండిపోయేదాని దగ్గర బేరం వద్దు. పైకి కనపడేదానికి ముందే హద్దు గీసుకోవాలి. మన ఇళ్ళల్లో సరిగ్గా దీనికి తలకిందులుగా జరుగుతుంది. పైపుల దగ్గర వందలు మిగిల్చి, షోరూంలో వేలు వదిలేస్తాం.

మీ పైపులు, వాటర్‌ప్రూఫింగ్ అయిపోయాయన్నారు. టైల్ వెయ్యకముందే నీళ్ళు బయటికి పోయే నహానీ ట్రాప్‌కి గుడ్డ కుక్కి, నేల మీద రెండంగుళాల నీళ్ళు నిలబెట్టించండి. నీటి మట్టం దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి, ఒక రోజంతా వదిలెయ్యండి. నీళ్ళు గీత కిందికి బాగా దిగినా, పక్కగది గోడ చెమ్మగిల్లినా మేస్త్రీ డబ్బులడక్కుండా మళ్ళీ చెయ్యాలి. టైల్స్ వేశాక బయటపడితే మొత్తం పగలగొట్టాల్సిందే. ‘పండగ దగ్గరపడింది, ఇవన్నీ ఎందుకండీ’ అంటాడు. అననివ్వండి. అల్లుడుగారు పెరట్లో బాత్రూం వాడుకుంటే కొంపేమీ మునగదు.

సెప్టిక్ ట్యాంకు సంగతి కూడా చూడండి. మన డెల్టాలో వానాకాలం భూమిలో నీళ్ళు పైకి వచ్చేస్తాయి, ట్యాంకు నీళ్ళు ఇంకవు. మొన్నటి వానల్లో పాత సీటులో నీళ్ళు మెల్లిగా దిగాయా? అయితే ఎంత ఖరీదు కమోడ్ పెట్టినా వచ్చే వానల్లోనూ అదే గొడవ. ముందు ట్యాంకు ఖాళీ చేయించి చూడండి.

కమోడ్ దగ్గర మాట మీ అత్తగారిది, అబ్బాయిది కాదు. ఆవిడని వెంటబెట్టుకుని షాపుకి వెళ్ళి కూర్చోబెట్టి చూడండి. లేచేటప్పుడు మోకాలు పట్టేయకపోతే ఆ ఎత్తు సరిపోయినట్టే. వాల్ హంగ్‌తో ఒక సుఖం ఉంది, కావలసిన ఎత్తులో బిగించుకోవచ్చు. కానీ దాని ఫ్లష్ ట్యాంకు గోడలోకి వెళ్ళాలి, బరువు మొయ్యడానికి ఇనుప ఫ్రేమ్ కావాలి, మీ పైపులు ఇప్పటికే నేల కమోడ్‌కి వేసేశారు. అబ్బాయి అంతగా కావాలంటే పైన పడే తేడా మొత్తం అతన్నే పంపమనండి. కావాలన్నవాళ్ళే తేడా కట్టాలన్న షరతు పెడితే సగం సలహాలు వాటంతట అవే ఆగిపోతాయి. గ్లాస్ పార్టిషన్‌కీ ఇదే షరతు. పైగా 5 అడుగుల వెడల్పులో అద్దం అడ్డం పెడితే అత్తగారిని పట్టుకుని నడిపించడానికి చోటుండదు.

నేల కమోడ్ కొనేముందు కింద పైపు మధ్య నుంచి గోడ దాకా కొలిపించండి. కొలత సిమెంటు గోడ నుంచి కాదు, టైల్ వేశాక ఉండబోయే గోడ నుంచి. టైల్, దాని కింద మాలు కలిసి అంగుళం, అంగుళంన్నర మింగేస్తాయి. ఆ అంగుళం మర్చిపోయి కమోడ్ వెనక్కి ఇవ్వడానికి ఆటో మాట్లాడుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు.

కుళాయిల ఎంపిక మీ వారికి వదిలెయ్యండి. రేపు పాడైతే చూసుకోవాల్సింది ఆయనే. ఒక్కటి మాత్రం అడగండి: లోపలి పార్టు పాలకొల్లులోనో భీమవరంలోనో దొరుకుతుందా? మన వైపు చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్ప. తలమీద వానలా పడే పెద్ద షవర్ల చిల్లులు ఆ ఉప్పుకి తెల్లగా పూడుకుపోతాయి. చేతి షవర్ ఒకటి చాలు, విప్పి వెనిగర్‌లో నానబెట్టుకోవచ్చు. అత్తగారు కుర్చీలో కూర్చుని స్నానం చెయ్యడానికి కూడా అదే వీలు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నదెంత? బడ్జెట్‌లో మిగిలింది 65,000. సాధారణ రకం ధాన్యానికి 2025-26 మద్దతు ధర క్వింటాలుకి 2,369 కాబట్టి 75 కిలోల బస్తా సుమారు 1,777. పద్దెనిమిది బస్తాలకి 32,000 దాకా వస్తుంది. మొత్తం 97,000. ఇందులో 12,000 ముందే పక్కన పెట్టేసి దాని ఊసు ఇంట్లో ఎవరికీ చెప్పకండి. ట్యాంకు ఖర్చు లాంటివి ఏవైనా మీద పడితే అందులోంచి. మిగిలిన 85,000లో టైల్స్, అతికించే సామాను 18,000, కూలి 24,000, కమోడ్ 12,000, కుళాయిలు, షవర్ 12,000, గీజర్ 9,000, తలుపు 7,000, గోడకి పట్టుకునే స్టీలు రాడ్లు 3,000. ఒకదాంట్లో మిగిలితే ఇంకోదానికి వాడుకోండి. మొత్తం మాత్రం 85,000 దాటకూడదు. రాడ్లు మానొద్దు, అసలు ఈ పని మొదలుపెట్టిందే అత్తగారి కోసం కదా.

కౌలు డబ్బు చేతికి రావడానికి ఇంకా టైముంది. ధాన్యం డబ్బు పడ్డాకే రైతు మీకిస్తాడు. ఆ 32,000కి మీ ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోండి. ఎఫ్‌డీ చెరపక్కర్లేదు, దాన్నే హామీగా పెట్టుకుని బ్యాంకు అప్పిస్తుంది. మామూలుగా ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి, రెండు శాతం ఎక్కువ పడుతుంది, అదీ వాడుకున్న రోజులకే. 8.5 శాతం అనుకున్నా రెండు నెలలకి 453 రూపాయలు. గొలుసు పెట్టి లక్ష తెచ్చి ఏడాది ఉంచితే 10 శాతం లెక్కన వడ్డీ 10,000. అలాంటి గోల్డ్ లోన్లు చాలావరకు ఏడాది తిరిగేసరికి అసలూ వడ్డీ ఒకేసారి కట్టమంటాయి. 38,000 జీతంలో అది కుదరక తిరగరాయించుకోవడం మొదలవుతుంది. పైగా రెండున్నర లక్షల లోపు అప్పుకి బంగారం విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు 2025లో చెప్పింది. నాలుగు కాసులకి లక్ష కంటే ఎక్కువే ఇస్తామంటారు. చేతిలో డబ్బు ఎక్కువుంటే గ్లాస్ పార్టిషన్ మళ్ళీ గుర్తొస్తుంది.

రిపేరు కోసం లోన్ తీసుకుంటే ట్యాక్స్ మిగులుతుందని ఎవరైనా అంటే పట్టించుకోకండి. సొంతంగా ఉంటున్న ఇంటి రిపేరు లోన్ వడ్డీకి ఏడాదికి 30,000 దాకా తగ్గింపు ఉంది, కానీ పాత ట్యాక్స్ పద్ధతిలోనే. మీ వారి జీతానికి కొత్త పద్ధతిలో ట్యాక్సే పడదు.

టైల్స్ షాపులో ‘బిల్లు వద్దంటే తగ్గిస్తాం’ అంటారు. 18 శాతం జీఎస్టీ చూసి ఆశ పడతాం. బిల్లు లేకపోతే మిగిలిన పెట్టెలు వాపసు తీసుకోరు, పగిలిన వాటికి జవాబుదారీ ఉండదు. అన్ని పెట్టెల మీదా బ్యాచ్ నంబరు ఒకటేనా అని దించేటప్పుడే చూడండి. నంబరు మారితే రంగు కొద్దిగా మారుతుంది, గోడ మీదకి ఎక్కాక గానీ తెలీదు. చివర్లో ఒక పెట్టె వాపసు ఇవ్వకుండా అటక మీద ఉంచుకోండి.

సోమవారం బ్యాంకుకి వెళ్ళేటప్పుడు ఎఫ్‌డీ రసీదు, ఆధార్, పాన్ తీసుకెళ్ళండి. ఎఫ్‌డీ ఇద్దరి పేరు మీద ఉంటే మీ వారిని కూడా రమ్మనండి, ఇద్దరి సంతకాలు అడుగుతారు. వచ్చేటప్పుడు ఆ 65 రూపాయల టైల్‌కి ఆర్డరు ఇచ్చేసి రండి.