సాంద్రత తగ్గిందని రాసేముందు తూచి చూడు

చి. లావణ్యకు,

పెదనాన్న ఆశీస్సులు. ప్లుటోనియం-239 అర్ధాయువు (సగం పరమాణువులు క్షయమయ్యే కాలం) 24 వేల ఏళ్లు కదా, ఇలాంటి లోహాల సాంద్రత మార్పును కొలిచే రెండేళ్ల ప్రాజెక్టులో ఏం తేలుతుందని అడిగావు. లెక్కేస్తే 50 ఏళ్లలో క్షయమయ్యేవి వెయ్యి పరమాణువుల్లో ఒకటిన్నర కూడా ఉండవు. అవి పోతూ పోతూ చేసే రభస మాత్రం తక్కువ కాదు. ఆల్ఫా కణం, అంటే హీలియం కేంద్రకం, ఒక పక్కకు దూసుకుపోతే, యురేనియంగా మారి మిగిలిన పరమాణువు వెనక్కి తన్నుకుని ఇరుగుపొరుగును చెల్లాచెదురు చేస్తుంది. ఒక్క క్షయానికి రెండు వేలకు పైగా పరమాణువులు చోటు తప్పుతాయి. చాలావరకు వెంటనే సర్దుకుంటాయి. సర్దుకోని చోట ఖాళీలు మిగులుతాయి, హీలియం వాటిలో చేరి నానోమీటరు బుడగలు కడుతుంది. లోహం రవ్వంత ఉబ్బుతుంది, ఆ మేరకు సాంద్రత తగ్గుతుంది. అన్నేళ్లు ఆగలేక అమెరికాలో లివర్‌మోర్, లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలల వాళ్లు త్వరగా క్షయమయ్యే ప్లుటోనియం-238ని కొంత కలిపి, ఆ ముసలితనాన్ని ముందుకు లాక్కొచ్చి చూశారు.

ఏ స్ఫటిక రూపంలో ఉన్న ప్లుటోనియమో చెప్పకుండా ఎవరైనా సాంద్రత చెబితే నమ్మకు. గది వేడిమిలో ఆల్ఫా రూపానిది ఘన సెంటీమీటరుకు 19.8 గ్రాములు, కాస్త గాలియం లోహం కలిపి నిలబెట్టిన డెల్టా రూపానిది 16కి లోపే.

సరే, నీ చేతికొచ్చేది యురేనియం. దాని అర్ధాయువు 450 కోట్ల ఏళ్లు, బీరువాలో పెడితే నీ జన్మలో మారదు. రియాక్టర్లో సంగతి వేరు. స్ఫటికం ఒక దిక్కున సాగి, మరో దిక్కున కుంచించుకుపోతుంది, ఘనపరిమాణం దాదాపు అంతే ఉంటుంది. రోలర్ల మధ్య నొక్కి సాగదీసే రోలింగ్‌లో స్ఫటిక రేణువులన్నీ ఒకవైపు తిరిగి ఉంటే కడ్డీ పొడవు పెరుగుతుంది. అందుకే 668 డిగ్రీల సెల్సియస్ దాటించి చల్లార్చి వాటిని కలగాపులగం చేస్తారు. నేను కొత్తలో పొడవు చూసి సాంద్రత తగ్గిందని రాసేశాను. మా గైడు ఎర్రసిరాతో ఒక్కమాటే రాశారు: "తూచావా?"

సాంద్రత తేలాలంటే ముక్కను గాలిలో ఒకసారి, ద్రవంలో వేలాడదీసి ఒకసారి తూచాలి. తూచేటప్పుడు ముక్క ఆక్సైడు పట్టి నల్లబడి ఉంటే ముందు నైట్రిక్ ఆసిడ్‌లో ఆ పొర తీయించు. ఆక్సైడు సాంద్రత 11కి లోపే, లోహానిది 19. ఆ నలుపే నీకు లేని ఉబ్బు చూపిస్తుంది. ద్రవంలో వేలాడదీశాక ముక్క అడుగున ఆవగింజంత గాలిబుడగ అంటుకుంటుంది, సన్న కుంచెతో తుడిచెయ్. ద్రవం వేడి ప్రతిసారీ రాసుకో. కోసిన పొట్టు మాత్రం గాలికి వదిలెయ్యకు, నిప్పంటుకుంటుంది!

మొదటి పది తూకాలు అయ్యాక నోటుబుక్కు పేజీ ఫొటో తీసి పంపు. గ్రాఫు తర్వాత చూద్దాం.

పెదనాన్న