యిర్మీయాను తెరకెక్కించే ముందు

చిరంజీవి కెజియాకు దీవెనలు.

నువ్వు పంపిన వన్‌లైన్ ఆర్డర్, అదే నీ సినిమా సీన్ల వరస, రెండుసార్లు చదివాను తల్లీ. ప్రవక్తల్లో యిర్మీయాను పట్టుకున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. మోషేకు చీలిన సముద్రం ఉంది, ఏలీయాకు ఆకాశం నుంచి దిగిన అగ్ని ఉంది. యిర్మీయాకు అలాంటివి లేవు. నలభై ఏళ్లు మాట్లాడాడు, వినాల్సినవాళ్లు వినలేదు. నీ సినిమా గ్రాఫిక్స్ మీద నిలబడదు. అతను అన్న మాట మీద, ఆ మాటకు అతను పడ్డ బాధ మీద నిలబడాలి. ఈ ఉత్తరంలో నేను చెప్పేవన్నీ దానికోసమే.

ముందు వరస సంగతి. నువ్వు అధ్యాయాలు వచ్చిన క్రమంలోనే సీన్లు పేర్చావు. బైబిల్లోని యిర్మీయా గ్రంథం కాలక్రమంలో లేదు. 21వ అధ్యాయంలో సిద్కియా రాజు ఉంటాడు, 25లో వెనక్కి యెహోయాకీము నాలుగో ఏటికి వెళ్తాం, 32లో మళ్లీ సిద్కియా, 35, 36ల్లో మళ్లీ యెహోయాకీము. ప్రాచీన గ్రీకు అనువాదంలో గ్రంథం దాదాపు ఎనిమిదో వంతు చిన్నది, అన్యజనుల గురించిన ప్రవచనాలు ఉన్న చోటు కూడా వేరు. కాబట్టి గోడ మీద అతని కాలంలో యూదాను ఏలిన ఐదుగురు రాజులకు ఐదు నిలువు గీతలు గియ్యి: యోషీయా, యెహోయాహాజు, యెహోయాకీము, యెహోయాకీను, సిద్కియా. అధ్యాయానికో కార్డు రాసి, లోపలే తేదీ ఉన్నవాటిని ఆ గీతల కింద పెట్టు. తేదీ లేనివి, ముఖ్యంగా 15, 20 అధ్యాయాల్లో అతను దేవుడితో గొడవపడే మొరలు, పక్కన కట్టగా ఉంచు. వాటిని విడి సీన్లుగా తీయకు. వేరే సీన్లలో అతని ముఖం మీద కనిపించాల్సిన సరుకు అది.

పిలుపు వచ్చింది క్రీ.పూ. 627లో, బబులోను చేతిలో యెరూషలేము కూలింది 586లో (587 అనేవాళ్లూ ఉన్నారు, ఒకటి ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడు). పిలుపు వచ్చినప్పుడు తాను బాలుడినని అతనే అంటాడు. అప్పుడు పదిహేను, ఇరవై మధ్య అనుకుంటే 605 నాటికి నలభై దగ్గర, పట్టణం పడేనాటికి అరవై దగ్గర ఉంటాడు. మొదటి రీలు నుంచే తెల్లగడ్డం పెట్టేస్తే చివర్లో అతను ఏం కోల్పోయాడో ప్రేక్షకుడికి కనిపించదు. రెండు గంటల సినిమాలో నలభై ఏళ్లు పట్టవు. 605 నుంచి 586 వరకే తియ్యి. పిలుపును అతను తన లేఖకుడు బారూకుకు చెప్పే నాలుగు మాటల్లో తెచ్చేయొచ్చు.

ఇక 36వ అధ్యాయం. నీ సినిమాకు గుండె ఇదే, దీనికి పన్నెండు నిమిషాలైనా ఇవ్వు. యిర్మీయా నోటితో చెబుతుంటే బారూకు రాసిన గ్రంథపు చుట్టను ఒకే రోజు మూడుసార్లు చదువుతారు: మందిరంలో గెమర్యా అనే అధికారి గదిలో జనం వినేలా, తర్వాత అధికారుల ముందు, ఆఖరుకు రాజు యెహోయాకీము ముందు. మూడుసార్లూ మాటలు వినిపిస్తే జనం విసిగిపోతారు. మొదటిసారి మాటలు పూర్తిగా వినిపించు. రెండోసారి ‘ఇదంతా ఎలా రాశావు’ అని అధికారులు అడిగినప్పుడు బారూకు వేళ్ల మీది సిరా మరక మీద కెమెరా పెట్టు. మూడోసారి, రాజు చుట్టను కోసి కాలుస్తుండగా, చదువుతున్న గొంతును దూరంగా పెట్టి, చాకు చప్పుడు, కుంపటి చప్పుడు దగ్గరగా పెట్టు.

అది యూదుల లెక్కలో తొమ్మిదో నెల, చలికాలం. ఆ రోజు అందరూ ఎందుకు ఉపవాసం ఉన్నారో నీ ఆర్డర్‌లో లేదు. క్రీ.పూ. 604లో అదే నెలలో బబులోను రాజు నెబుకద్రెజరు అష్కెలోను పట్టణాన్ని పట్టుకున్నట్టు బబులోను మట్టి పలకల్లో ఉంది. సముద్రతీరం నుంచి కబురు వస్తే కొండమీది పట్టణానికి భయం పట్టుకోదా? ఆ కబురు తెచ్చిన మనిషిని ఒక్క షాట్‌లో చూపించు, ఉపవాసానికి కారణం దానంతటదే తెలిసిపోతుంది.

చుట్టను తోలుతో చేయించకు. తోలు మంటలో ముడుచుకుపోయి కంపు కొడుతుంది, సరిగా అంటుకోదు. మామూలు కాగితమైతే భగ్గుమని చటుక్కున అయిపోతుంది. పాపిరస్ వాడు, అప్పట్లో వాడిందీ అదే అయి ఉంటుంది. చుట్టను చదివే కొలువు మనిషి యెహూది మూడు నాలుగు నిలువు వరసలు (కాలమ్‌లు) చదవగానే రాజు కోసి మంటలో వేస్తాడు. వరస వెడల్పు 15 సెంటీమీటర్లు అనుకుంటే ఒక్కో ముక్క 60 సెంటీమీటర్లు. ఎనిమిది టేకులకు దాదాపు 5 మీటర్ల అసలు పాపిరస్ చాలు, రాజు చేతిలో మిగిలిన చుట్ట డమ్మీది పెట్టుకోవచ్చు. చదివే షాట్లన్నీ ముందు తీసేసి కాల్చేవి ఆఖరున తియ్యి, లేకపోతే చుట్ట పొడవు షాటుకో రకంగా కనిపించి కంటిన్యుటీ పోతుంది. కుంపటి పక్కన, కెమెరాకు కనబడని చోట, రెండు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు, తడి గోనెసంచులు ఉండాలి.

అక్షరాల విషయంలో ఆర్ట్ డైరెక్టర్‌ను గట్టిగా పట్టుకో. ఇప్పటి హీబ్రూ బైబిళ్లలో కనిపించే చతురస్రపు లిపి అప్పటికి యూదాలో వాడుకలో లేదు. యూదాలోని లాకీషు పట్టణపు తవ్వకాల్లో 1935లో సిరాతో రాసిన కుండ పెంకులు దొరికాయి. సరిగ్గా ఈ కాలానివి, పాత హీబ్రూ లిపిలో ఉన్నాయి. వాటి ఫోటోలు చూసి అక్షరాలు దింపించు. గోడల మీద ఆరు మూలల నక్షత్రం ఎక్కడా పడనీయకు. బారూకు ముద్ర అని ఆన్‌లైన్‌లో తిరుగుతున్న మట్టి ముద్రలు నకిలీవని తేలింది, టైటిల్స్‌లో వాటిని పెట్టకు. దానికి బదులు యెరూషలేములోని దావీదు పట్టణం తవ్వకాల్లో 1982లో దొరికిన ముద్ర ఉంది: ‘షాఫాను కుమారుడు గెమర్యా’. చుట్టను కాల్చొద్దని రాజును బతిమాలిన ముగ్గురిలో గెమర్యా ఒకడు. ఈ ముద్ర ఆయనదేనని చాలామంది పండితుల అభిప్రాయం. పట్టణం తగలబడినప్పుడు పాపిరస్ బూడిదైపోయింది, దానికి అంటించిన మట్టి ముద్ర కాలి గట్టిపడి మిగిలింది. ఇంతకు మించిన షాట్ నేను రాయలేను.

దేవుని స్వరం దగ్గర నువ్వు ‘గంభీరమైన గొంతు, ప్రతిధ్వని’ అని రాశావు. తీసెయ్యి తల్లీ. ఆ గొంతు వినబడిందంటే ప్రేక్షకుడికి అనుమానమనేదే మిగలదు, అనుమానం లేకపోతే యిర్మీయాకు ఎదురు ప్రవచించే హనన్యా సీను చచ్చిపోతుంది. హనన్యా కూడా యెహోవా పేరే చెబుతాడు, బబులోను ఎత్తుకుపోయిన మందిరపు పాత్రలు రెండేళ్లలో తిరిగి వస్తాయంటాడు, బబులోనుకు లొంగాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద మోసే కాడిని అందరి ముందూ విరిచేస్తాడు. అతన్ని దొంగ చూపులతో తీయకు. అందంగా, నమ్మకంగా మాట్లాడేవాణ్ణి పెట్టు, హాల్లో కూర్చున్నవాళ్లు కూడా అతని మాటే నిజమైతే బాగుండునని కోరుకోవాలి. అప్పుడు యిర్మీయా ఏం చేస్తాడో గమనించావా? బదులు చెప్పకుండా వెళ్లిపోతాడు. జవాబు తర్వాత వస్తుంది. 42వ అధ్యాయంలోనూ అంతే: జనం వచ్చి ఏం చేయాలో అడిగితే అతనికి వాక్యం రావడానికి పది రోజులు పడుతుంది. ప్రవక్త అంటే మీట నొక్కితే మాట్లాడేవాడు కాడని ఈ రెండు మౌనాలే చెబుతాయి. అక్కడ రీరికార్డింగ్ వద్దు, గాలి చప్పుడు చాలు.

యిర్మీయాను గొయ్యిలో పడేసే సీనుకు మన ఊరి దిగుడు బావి లాంటి లొకేషన్ అడిగావు, అది కుదరదు. యూదాలో వాన నీరు పట్టడానికి సున్నపురాయిలో తొలిచే గొయ్యి కూజాలా ఉంటుంది: మూతి ఇరుకు, కడుపు వెడల్పు. అందుకే అందులోంచి సొంతంగా ఎక్కి రాలేరు. రెండు ముక్కలుగా సెట్ వేయించు: రెండున్నర అడుగుల మూతి ఎత్తు అరుగు మీద ఒకటి, పదడుగుల వెడల్పు కడుపు, ఒక పక్క గోడ ఊడదీయడానికి వీలుగా, మరొకటి. బురదకు పొలం మట్టి వాడకు, అందులో గాజు పెంకులు, క్రిములు ఉంటాయి. జల్లించిన మట్టిలో ముల్తానీ మట్టి, గోరువెచ్చని నీళ్లు కలిపి మోకాలి లోతుకు మించకుండా పోయించు, అడుగున గట్టి పలక ఉండాలి. నటుణ్ణి ఇరవై నిమిషాలకోసారి బయటికి తీయాలి. పైకి లాగేటప్పుడు చంకల్లో తాడు నరాలను నొక్కేస్తుంది, బరువంతా బట్టల కింద దాచిన హార్నెస్ మీదే పడాలి. అతన్ని పైకి తీయించిన రాజు కొలువు మనిషి, కూషు దేశస్థుడు ఎబెద్మెలెకు పాత గుడ్డలు దించి, చంకల కింద పెట్టుకోమంది కూడా ఆ ఒరిపిడి గురించే. ఆ గుడ్డలను దగ్గర నుంచి చూపించు. రాజు కొలువులో అంతమంది ఉంటే ఆ మనిషి చంకలు ఒరుసుకుపోతాయని ఆలోచించింది ఒక్క ఆ కూషు దేశస్థుడే. ఆ పాత్రకు ఆఫ్రికా మూలాలున్న నటుణ్ణే తీసుకో, ముఖానికి రంగు పూయించకు.

పొలం కొనే సీనులో నాణేల మూట పెట్టావు. యూదాలో అప్పటికి నాణేల వాడకం లేదు, వెండిని త్రాసులో తూచేవాళ్లు. పొలం ధర 17 తులాలంటే మన బైబిల్ లెక్క, మన కంసాలి తులం కాదు. అది షెకెలు, ఒక్కోటి దాదాపు 11 గ్రాములు. మొత్తం 190 గ్రాముల చిల్లర, తుంచిన వెండి ముక్కలు. గుప్పెట్లో ఇమిడిపోతుంది. బబులోను సైన్యం చుట్టుముట్టి ఉండగా, తాను చెరలో ఉండి, శత్రువుల చేతికి పోయిన ఊళ్లో అతను పొలం కొంటున్నాడు. త్రాసు ముల్లు నిలిచేదాకా షాట్ కట్ చేయకు.

భాష గురించి ఒక్క మాట. ‘యెహోవా సెలవిచ్చునదేమనగా’ అన్నది మన చెవులకు అలవాటైన పలుకు, ప్రవచనం చెప్పేటప్పుడు మాత్రం వాడు. మిగతాదంతా మామూలు తెలుగులో రాయి. పేర్లు తెలుగు బైబిల్లో ఉన్నట్టే ఉంచు, డబ్బింగ్‌కు ముందే ఒక పట్టిక చేసి అందరికీ ఇవ్వు. కొత్త అనువాదాల వాక్యాలు యథాతథంగా వాడితే ప్రచురణకర్తల నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకో. క్రీస్తు పేరు, సిలువ గుర్తు ఈ కథలోకి తీసుకురాకు. యిర్మీయా యూదుల ప్రవక్త, ఆ పట్టణం కూలిన రోజున వాళ్లు నేటికీ ఉపవాసం ఉంటారు.

ముందు కార్డుల గోడ ఫోటో పంపు. తర్వాత 36వ అధ్యాయం సీను ఒక్కటే, డైలాగులు లేకుండా, చేతులు ఏం చేస్తున్నాయో మాత్రమే రాసి పంపు. అవి రెండూ చూశాక గొయ్యి సెట్ కొలతల గురించి ఆర్ట్ డైరెక్టర్‌తో కలిసి మాట్లాడదాం.

మీ పెదనాన్న