పది రోజుల పొదుపుతో పద్నాలుగు రోజుల విహారం వద్దు

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో ఉంటున్నాం. నాది స్కిల్డ్ వర్కర్ వీసా, అంటే ఉద్యోగమిచ్చిన సంస్థ స్పాన్సర్ చేస్తే వచ్చేది. నా భార్య, మూడేళ్ల పాప డిపెండెంట్లుగా ఉన్నారు. నెలకు చేతికొచ్చే జీతం 3,050 పౌండ్లు. అద్దె, కౌన్సిల్ ట్యాక్స్ (స్థానిక ఇంటి పన్ను), కరెంటు, కారు, కిరాణా అన్నీ కలిపి 2,350 అవుతుంది. బ్యాంకులో 1,900 ఉంది. మే నెలలో అమ్మా నాన్నా విజయవాడ నుంచి వచ్చి ఐదు నెలలు ఉంటారు. నాన్నకు 66 ఏళ్లు, షుగరు ఉంది, మూడేళ్ల కిందట స్టెంట్ వేశారు. ఆగస్టులో రెండు వారాలు సముద్రం దగ్గర కాటేజీ అద్దెకు తీసుకుని, మేమే వండుకుంటూ గడపాలని ఉంది. నైరుతి మూలన కార్న్‌వాల్‌లోని సెయింట్ ఐవ్స్‌లో 3,400 పౌండ్లకు ఒకటి చూశాం. మూడో వంతు ఇప్పుడే కట్టాలి. మిగతాది పదిహేను నెలల సున్నా వడ్డీ క్రెడిట్ కార్డు మీద కడదామని ఆలోచన. దారి ఖర్చులకు తన గొలుసు, గాజులు తాకట్టు పెడతానని అమ్మ అంటోంది. సెయింట్ ఐవ్స్ మంచిదా, ఈశాన్య తీరంలోని విట్‌బీ మంచిదా? కార్డు తీసుకోవచ్చా? అన్నట్టు, వచ్చే ఏడాది సెప్టెంబరులో వీసా పొడిగించుకోవాలి.

జవాబు: ముందు రెండో ప్రశ్న సంగతి. వద్దు. కార్డూ వద్దు, అమ్మగారి గాజులూ వద్దు. ఊరి సంగతి తర్వాత తీరిగ్గా చెబుతాను, ఎందుకంటే అది మాట్లాడుకోవడానికి బాగుంటుంది. ఇది బాగుండదు.

జనవరి వచ్చిందంటే ఇలాంటి ఉత్తరాలు నాకు వరసగా వస్తాయి. అమ్మానాన్నలు మొదటిసారి వస్తున్నారు, వాళ్లకు ఏ లోటూ చేయకూడదు అనే ప్రేమ ప్రతి ఉత్తరంలోనూ కనిపిస్తుంది. దాని వెనకే అదే తప్పు కూడా ఉంటుంది: చేతిలో ఉన్న కాస్త సొమ్మునూ అడ్వాన్సుకు పోసి, మిగతాది అప్పు మీద నడిపించడం. అందుకే మీ ఒక్కరికి రాయాల్సిన జవాబును అందరి కోసం ఇక్కడ రాస్తున్నాను.

మీ లెక్కే చూడండి. 3,400లో మూడో వంతు 1,133. అది కట్టగానే మీ ఖాతాలో మిగిలేది 767 పౌండ్లు. మీ ఇంటికి రోజుకు సుమారు 78 పౌండ్లు కావాలి. అంటే మీ దగ్గర మిగిలేది పది రోజుల బతుకు. పరాయి దేశంలో, వీసా మీద, ఒక్క జీతం మీద, భార్యాబిడ్డలతో ఉన్న మనిషి దగ్గర పది రోజుల సొమ్ము!

ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకు ఉద్యోగం పోతే అది కష్టకాలం. మీకు పోతే అది గడువు. స్పాన్సర్ చేసిన సంస్థ మీ ఉద్యోగం ముగిసిందని వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోమ్ ఆఫీసుకు తెలిపాక, వీసాను సాధారణంగా 60 రోజులకు కుదిస్తారు. ఆ లోపల మరో స్పాన్సర్‌ను వెతుక్కోవాలి, లేకపోతే సామాను సర్దుకోవాలి. మీ వీసా షరతుల ప్రకారం యూనివర్సల్ క్రెడిట్ లాంటి ప్రభుత్వ సాయం అందదు. ఆ 60 రోజులూ అద్దె ఆగదు, కౌన్సిల్ ట్యాక్స్ ఆగదు, పాపకు పాలు ఆగవు.

మిల్టన్ కీన్స్‌లో ఒక తెలుగు కుటుంబం ఇలాగే సెలవులకు వెళ్లొచ్చిన వారానికే ఉద్యోగం పోగొట్టుకుంది. భార్యాభర్తలు నా ఎదురుగా కూర్చుని తెల్లకాగితం మీద రాసిన మొదటి పద్దు అద్దె కాదు, కారు ఎంతకు పోతుందన్నది. దాని పక్కనే కార్డు బాకీ. కాటేజీ ఫొటోలు ఇంకా ఫోనులోంచి బంధువులకు పంపుతూనే ఉన్నారు. ఆ కారును తొందరలో తెగనమ్ముకున్నారు. చేతిలో రెండు నెలల సొమ్ము ఉండి ఉంటే ఆ తొందర ఉండేది కాదు. మూడో నెలలో ఉద్యోగం దొరికింది కూడా, కానీ అప్పటికి వాళ్లు గుంటూరులో ఉన్నారు.

కాబట్టి మీ మొదటి లక్ష్యం సముద్రం కాదు, అత్యవసర నిధి. 4,700 పౌండ్లు, అంటే రెండు నెలల ఖర్చు. ఆ 60 రోజులకు సరిగ్గా సరిపోయే మొత్తం అది. తర్వాత ముగ్గురికీ ఇంటికి వెళ్లే టికెట్ల సొమ్ము. ఆ తర్వాత ఆరు నెలల ఖర్చు, 14,100. ఈ డబ్బును షేర్లలో పెట్టవద్దు, ఇండియాకు పంపవద్దు, స్థలం అడ్వాన్సుకు వాడవద్దు. ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే పొదుపు ఖాతాలో వేరుగా ఉంచండి. జీతం పడిన మరునాడే 700 పౌండ్లు దానంతట అదే అందులోకి వెళ్లేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకోండి. నెలాఖరున మిగిలితే వేద్దాం అనుకుంటే ఎవరికీ మిగలదు.

ఇక సున్నా వడ్డీ కార్డు. 2,267 పౌండ్లను పదిహేను నెలలకు పంచితే నెలకు 151. చిన్న మొత్తంలా కనిపిస్తుంది, ప్రమాదం అక్కడే ఉంది. ఒక్క కనీస వాయిదా తప్పితే సున్నా వడ్డీ రద్దు కావచ్చు. గడువు దాటాక మిగిలిన బాకీ మీద ఏడాదికి ఇరవై శాతం పైబడిన వడ్డీ పడుతుంది. ఉద్యోగం ఉన్నన్నాళ్లు ఎవరూ వాయిదా తప్పరు. తప్పేది ఉద్యోగం పోయినప్పుడే, అంటే ఒక్క పౌండు అదనపు భారం కూడా మోయలేని నెలలోనే.

మీరు ఉత్తరం చివర ఒక ముక్క రాసి వదిలేశారు: వచ్చే ఏడాది సెప్టెంబరులో వీసా పొడిగించుకోవాలని. నాకు ఆ ముక్క దగ్గరే గుండె గుభేలుమంది. 2024 ఫిబ్రవరి నుంచి వీసాతో పాటు ప్రభుత్వ వైద్యం కోసం కట్టే ఆరోగ్య సర్‌చార్జి పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776. మీ ముగ్గురికీ మూడేళ్లకు 8,538 పౌండ్లు. వాయిదాల్లో కాదు, దరఖాస్తుతో పాటే మొత్తం కట్టాలి. వీసా రుసుములు వేరే. మీ వంతును కంపెనీ భరిస్తుందనుకున్నా, భార్యకూ పాపకూ కలిపి 5,433 మీరే తేవాలి. కార్డు వాయిదాలు తీరే వేళకు ఈ ఖర్చు గుమ్మంలో ఉంటుంది. కంపెనీ ఏ మేరకు భరిస్తుందో ఈ వారమే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

అమ్మగారి బంగారం గురించి ఒక్క మాట. ఆమెకు సముద్రం చూపించడానికి ఆమె గాజులే తాకట్టు పెట్టించకండి. ఆ మాట ఆమె ప్రేమతో అన్నారు. మీరు ప్రేమతోనే వద్దనండి.

అయితే సెలవే వద్దంటున్నానా? లేదు. మనవరాలితో ఇసుకలో కూర్చోవాలని అంత దూరం నుంచి వస్తున్న పెద్దవాళ్లను రీడింగ్ ఫ్లాటులో కూర్చోబెట్టమని ఎలా చెబుతాను? నెలనూ, ఊరునూ, రోజుల సంఖ్యనూ మార్చమంటున్నాను, అంతే.

ఆగస్టు ఎందుకు? ఇక్కడ బడులకు సెలవులు జులై చివరి నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా. బడి ఉన్న రోజుల్లో పిల్లల్ని విహారానికి తీసుకెళ్తే ఒక్కో బిడ్డకు తల్లికీ తండ్రికీ చెరో 80 పౌండ్ల జరిమానా పడవచ్చు, మూడు వారాల్లో కట్టకపోతే అది 160 అవుతుంది. అందుకే పిల్లలున్న ఇంగ్లండ్ అంతా ఆ ఆరు వారాల్లోనే తీరానికి కదులుతుంది, అద్దెలూ అప్పుడే మండిపోతాయి. మీ పాపకు ఇంకా బడే లేదు. అవసరం లేని నెలకు అత్యధిక ధర కడుతున్నారు. జూన్‌లో వెళ్లండి. రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది. సీజన్ కాని రోజుల్లో చాలామంది యజమానులు సోమవారం నుంచి శుక్రవారం దాకా నాలుగు రాత్రులకు కూడా ఇస్తారు. ఆగస్టులో ఎక్కువచోట్ల శనివారం నుంచి శనివారం దాకా, వారం లెక్కనే.

ఊరి విషయానికి వస్తే, సెయింట్ ఐవ్స్ అందమైనది, కాదనను. కానీ రీడింగ్ నుంచి దాదాపు ఐదు గంటల దారి. ఆగస్టు శనివారాల్లో కార్న్‌వాల్ వైపు వెళ్లే రోడ్ల మీద ఎంతసేపు ఆగాలో చెప్పలేం. పాత ఊరంతా ఇరుకు సందులు, ఎత్తుపల్లాలు. చాలా కాటేజీలకు కారు పెట్టుకునే చోటు ఉండదు, కొండ మీది పార్కింగులో వదిలి నడిచి దిగాలి. సాయంత్రం మళ్లీ ఎక్కాలి. స్టెంట్ ఉన్న నాన్నగారికి రోజూ ఆ ఎక్కుడు ఎందుకు? విట్‌బీ కూడా కొండల మధ్య ఊరే. పాడుబడిన మఠం దగ్గరికి 199 మెట్లు. పైగా అది ఉత్తర సముద్రం, జూన్‌లో కూడా నీళ్లు చల్లగా ఉంటాయి. దూరమూ తక్కువేమీ కాదు.

పెద్దవాళ్లూ పసిపిల్లా ఉన్న ఇంటికి నేను మూడే చూడమంటాను: ఇంటి గుమ్మం నుంచి ఇసుక దాకా చదునైన దారి, లోతు నెమ్మదిగా పెరిగే నీళ్లు, మూడు గంటలు మించని ప్రయాణం. ఈ మూడూ కలిసే ఊరు డోర్సెట్‌లోని వేమత్. అర్ధచంద్రాకారంలో మెత్తటి ఇసుక, దాని వెంట చదునుగా విశాలమైన నడకదారి, కూర్చోవడానికి బెంచీలు. నీళ్లు మోకాలి లోతు రావడానికే పాప చాలా అడుగులు వేయాలి. మీ ఊరి నుంచి కారులో సుమారు రెండున్నర గంటలు. రైలైతే బేసింగ్‌స్టోక్‌లో మారాలి. 1789లో మూడో జార్జి రాజు ఆరోగ్యం కోసం ఇక్కడికే వచ్చి సముద్రస్నానాలు చేశాడు. ఒక పూట పోర్ట్‌లాండ్ బిల్‌లోని ఎర్ర తెలుపు చారల లైట్‌హౌస్ చూడవచ్చు. ఇంకో పూట ఆబట్స్‌బరీలో హంసల కొలనుకు వెళ్లండి. మే మధ్య నుంచి జూన్ చివరి దాకా గుడ్లు పిగిలే కాలం, పిల్లహంసలు కనిపిస్తాయి. సముద్రపు ఒడ్డున ఉన్న రాతి తోరణం డర్డిల్ డోర్ ఫొటోలు చూసి నాన్నగారిని అక్కడికి దింపకండి, ఆ వాలు దిగడం కంటే ఎక్కడం కష్టం. బోర్న్‌మత్ కూడా బాగుంటుంది, రీడింగ్ నుంచి నేరుగా రైలుంది. వెస్టన్ సూపర్ మేర్ చౌక, కానీ పోటు తగ్గితే నీళ్లు కనుచూపు మేర వెనక్కిపోయి బురద మిగులుతుంది. పాపతో అక్కడ వద్దు.

నాలుగు రాత్రులకు అద్దె, పెట్రోలు, పార్కింగు, ఐస్‌క్రీములు అన్నీ కలిపి 700 పౌండ్లు దాటకూడదని గీత గీసుకోండి. జనవరి జీతం నుంచి మే జీతం దాకా ఐదు నెలలు నెలకు 700 చొప్పున దాస్తే, ఇప్పుడున్న 1,900తో కలిపి 5,400 అవుతుంది. అందులో 700 సెలవుకు పోతే మిగిలేది 4,700, అదే ఆ రెండు నెలల ఖర్చు. గీతకు లోబడిన ఇల్లు దొరకకపోతే రాత్రులు తగ్గించండి, అప్పు పెంచకండి.

కాటేజీని తేదీలు చెప్పి బుక్ చేశాక, ఆన్‌లైన్ కొనుగోళ్లకు ఉండే పద్నాలుగు రోజుల రద్దు హక్కు వర్తించదు. రద్దు షరతులు చదివాకే డబ్బు కట్టండి. అడ్వాన్సును ఇప్పుడున్న క్రెడిట్ కార్డుతో కట్టి, ఆ నెలలోనే మొత్తం తీర్చేయండి. ధర 100 పౌండ్లు దాటితే 1974 వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షన్ రక్షణ, అంటే మాట ప్రకారం ఇల్లు ఇవ్వకపోతే సొమ్మును కార్డు కంపెనీనే అడిగే హక్కు, దొరికే అవకాశం ఉంటుంది. మధ్యలో ఏజెన్సీ ఉంటే ఆ రక్షణ వర్తించకపోవచ్చు.

వంటిల్లు ఫొటో తప్పక చూడండి, ఎందుకంటే వండుకోవడం మీదే మీ పొదుపంతా ఉంది. ఇండక్షన్ పొయ్యి అయితే అల్యూమినియం కుక్కరు పనిచేయదు. ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసి కుక్కరు అడుగుకు పెట్టి చూడండి, అంటుకుంటే తీసుకెళ్లండి. ఎండుమిర్చి తాలింపు వేస్తే పొగ అలారం మోగుతుంది. ముందే కిటికీ తీసి, ఫ్యాను వేయండి. తెల్లటి వంటగట్టు మీద పసుపు మరక పడితే పోదు, డిపాజిట్ పోతుంది. పాత వార్తాపత్రికలు నాలుగు పరిచి కూరలు తరగమని అమ్మగారికి చెప్పండి.

ఇక చివరిది. ఉత్తరమంతా వెతికాను, నాన్నగారి ప్రయాణ బీమా గురించి ఒక్క అక్షరం లేదు. సందర్శకులుగా వచ్చేవాళ్లకు ఇక్కడ అత్యవసర విభాగంలో మొదటి చికిత్స ఉచితమే. కానీ ఆస్పత్రిలో చేర్చుకున్న క్షణం నుంచి బిల్లు మొదలవుతుంది, అదీ ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ మామూలు రేటుకు ఒకటిన్నర రెట్లు. 500 పౌండ్లకు పైబడిన బాకీ రెండు నెలలు తీర్చకపోతే హోమ్ ఆఫీసుకు తెలుపుతారు, ఆ తర్వాతి వీసాకు అది అడ్డు కావచ్చు. స్టెంట్ వేయించుకున్న గుండెకు ఐదు నెలలు బీమా లేకుండా ఉండటాన్ని నేను ఒప్పుకోను. విమానం ఎక్కకముందే ఇండియాలో పాలసీ తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు వర్తిస్తుందని పాలసీ పత్రంలో రాసి ఉండాలి, ఏజెంటు నోటి మాట చాలదు. షుగరు, స్టెంట్, వాడే మందులు, ఆపరేషన్ తేదీ ఏదీ దాచకుండా రాయించండి. ప్రీమియం పెరుగుతుందని ఒకటి దాస్తే, అవసరమైన రోజున ఆ ఒక్క కారణంతోనే క్లెయిమ్ తిరస్కరించవచ్చు. ప్రీమియం ఎక్కువైతే వేమత్‌లో ఒక రాత్రి తగ్గించండి. డిశ్చార్జి సమ్మరీ నకలు ఒకటి నాన్నగారి చేతి సంచిలో, మరొకటి మీ ఫోనులో ఉండాలి. మందులను చీటీతో సహా చేతి సంచిలోనే తెచ్చుకోమనండి.