యూజు సెంటు గంటకే మాయమవుతోంది!

ప్రశ్న: బీసెంట్ రోడ్డులో యూజు సెంటు కొన్నానండీ. కొట్టుకున్నప్పుడు కమ్మగా ఉంటుంది, గంటకల్లా ఏమీ ఉండదు. నకిలీదంటారా?
– ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: అలా అనుకోనక్కర్లేదమ్మా. యూజు చైనాలో పుట్టి జపాన్‌లో స్థిరపడిన నిమ్మజాతి పండు, అక్కడి కోచి ప్రాంతంలో తోటలు ఎక్కువ, డిసెంబరులో పగలు బాగా తగ్గిపోయే రోజున ఈ పండ్లను వేడినీళ్ల తొట్టిలో తేలేసి స్నానం చేస్తారు. వాసనంతా తొక్కలోనే. ఆ తొక్కను పిండి తీసిన నూనెలో ఎక్కువ భాగం లిమోనీన్, మన బత్తాయి తొక్కలో ఉండేదే, తేలికది కాబట్టి బెజవాడ ఎండకి ఇట్టే ఆవిరైపోతుంది. యూజుకి తన ప్రత్యేకత తెచ్చే యూజునోన్ అయితే మరీ కొద్దిగా ఉంటుంది. అందుకే యూజుతో పాటు వట్టివేరు, గంధం లాంటి బరువైన, నెమ్మదిగా ఆవిరయ్యే వాసనలు కలిపిన సీసా చూసి కొనండి. కాటన్ చున్నీకి కొడితే ఒంటి మీదకన్నా ఎక్కువసేపు నిలుస్తుంది. పట్టుచీరకి మాత్రం వద్దు, మరక పడితే అదో టెన్షన్.