రూల్స్ తిరగరాస్తున్న మేనకోడలికి

చిట్టితల్లీ,

మన ఆదివారం ఆటని, తలా ఒక పాత్రగా ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ని, ఇక నువ్వే డీఎంగా, అంటే కథ చెప్పి రాక్షసుల్ని ఆడించే మనిషిగా నడుపుతావని, దానికి ముందు మనం సొంతంగా పెట్టుకున్న హౌస్ రూల్స్ అన్నీ తిరగరాస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నువ్వు రాసుకున్న కాగితాన్ని ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో కూడా పెట్టింది. నిన్ను అడక్కుండా పంపిందని దాని మీద కోప్పడకు. చదువుతుంటే ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. బంగారం గురించి రాసిన చోటికి వచ్చేసరికి మాత్రం గుండె గుభేలుమంది. ఫోన్‌లో అయితే సగం చెప్పి సగం మర్చిపోతాను, అందుకే కూర్చుని రాస్తున్నాను.

మార్చడమే తప్పని నేననను. ఈ ఆట పుట్టుకే అలాంటిది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదటిసారి వచ్చినప్పుడు పెట్టెలో ఉన్నవి మూడు చిన్న పుస్తకాలు. వేసింది వెయ్యి పెట్టెలు. వాటిలో చెప్పినదానికంటే చెప్పకుండా వదిలేసిందే ఎక్కువ కాబట్టి, కొన్నవాళ్ళు ఎవరికి తోచినట్టు వాళ్ళు పూరించుకున్నారు. 1975లో వచ్చిన అనుబంధంతోనే దొంగ పాత్ర చేరింది, ఒక్కో ఆయుధానికి ఒక్కో పాచిక చేరింది. అంతకుముందు పెద్ద కత్తయినా బాకయినా దెబ్బకి ఆరు ముఖాల పాచికే. మనం ఆడే 1981 బేసిక్ పుస్తకంలో కూడా, మొదటి లెవల్లో హిట్ పాయింట్లు, అంటే పాత్ర ప్రాణం, ఒకటో రెండో పడితే మళ్ళీ వేయనివ్వడం డీఎం ఇష్టానికే వదిలారు. కాబట్టి మావయ్య ఏదీ ముట్టుకోనివ్వడని అనుకోకు.

కవచం లెక్క తిప్పెయ్, అంకె తక్కువైతే మంచి కవచం అన్నది పోయి ఎక్కువైతే మంచిది అవుతుంది. పందొమ్మిదిలోంచి పాత అంకె తీసేస్తే కొత్తది వస్తుంది. తొమ్మిది కాస్తా పది అవుతుంది, రెండు పదిహేడవుతుంది. కొత్తగా వచ్చిన పిల్లలకి సులువు, ఎవరికీ నష్టం లేదు. డాలు విరగ్గొట్టుకుని ఒక దెబ్బ తప్పించుకునే రూల్ కూడా పెట్టు, బాగుంటుంది.

"ఆట ముగిసేసరికి పాత్రలన్నీ ఊళ్ళోకి వచ్చెయ్యాలి" అన్న రూల్‌ని ఎందుకు కొట్టేశావు? మంచి సస్పెన్స్ దగ్గర ఆపితే వచ్చేవారం ఆత్రంగా వస్తారని రాశావు. అందరూ వచ్చేమాటయితే నువ్వన్నది నిజమే. స్టీల్ ప్లాంటు బాబాయ్‌కి వారం వారం షిఫ్టు మారుతుంది. సి షిఫ్టు పడిన రోజు ఆట మధ్యలోనే లేచి గాజువాక బస్సు ఎక్కాలి. ఆయన ఆడే యోధుణ్ణి నేలమాళిగలో మూడో అంతస్తులో వదిలేసి ఆపావనుకో, వచ్చేవారం ఆయన బి షిఫ్టులో ఉంటే ఆ యోధుణ్ణి ఎవరు ఆడతారు? పక్కవాళ్ళు ఆడి చంపేస్తే ఆయనకి ఫోన్ చేసి ఏమని చెప్తావు? మీ స్నేహితులందరికీ ఆదివారం ఖాళీయే కావచ్చు. రేపు వాళ్ళకీ ఉద్యోగాలొస్తాయి. ఆ రూల్ ఎప్పటిలాగే ఉండనివ్వు తల్లీ.

కాగడాల లెక్క బోరు కొడుతోందని తీసేస్తున్నావు. కథలో పది నిమిషాలకో టర్న్, ఆరు టర్న్‌లకి ఒక కాగడా, నూనె దీపమైతే ఇరవై నాలుగు టర్న్‌లు. నిజమే, గళ్ళు నింపుకుంటూ కూర్చోవడం ఎవరికైనా విసుగే. నాకూ ఇది గుమస్తా పనిలా ఉండేది, హుద్‌హుద్ తుఫాను వచ్చేదాకా. 2014 అక్టోబర్ 12, ఆదివారం. నువ్వు చిన్నదానివి, గాలి హోరుకి మీ అమ్మ ఒళ్ళోంచి దిగలేదు. తరవాత రోజుల తరబడి కరెంటు లేదు. పాల ప్యాకెట్లకీ కొవ్వొత్తులకీ కటకట. ఫోన్లు లేవు, చేసే పనీ లేదు. చీకటి పడ్డాక చుట్టుపక్కలవాళ్ళు మా ఇంటికి చేరితే ఆట మొదలెట్టాం. ఉన్నది ఒకటే కొవ్వొత్తి. అదే కాగడా అన్నాను. అది అయిపోతే లోపల ఉన్నవాళ్ళకి చీకటే. మైనం కారి పళ్ళెంలో గడ్డకడుతుంటే అందరి కళ్ళూ దాని మీదే. ఎప్పుడూ ప్రతి గదినీ గోడ గోడా వెతికే మనుషులు ఆ రాత్రి రెండు తలుపులు తెరవకుండా వదిలేసి వెనక్కి తిరిగారు. పిలిచి అడిగితే, "తిరిగి రావడానికి వెలుగుండాలి కదండీ" అన్నారు. వెలుగు కొలిచేది అందుకు. నీకు గళ్ళు నింపడం విసుగైతే ఆరు అగ్గిపుల్లలు బల్ల మీద పెట్టి టర్న్‌కొకటి తీసెయ్. లెక్క ఎలా పెట్టినా పరవాలేదు, లెక్క మాత్రం ఉండాలి.

ఇక బంగారం.

"ఊళ్ళోకి తెచ్చిన ఒక్కో బంగారు నాణేనికి ఒక ఎక్స్‌పీ అనేది అర్థం లేని రూల్, చంపిన వాటికే ఎక్స్‌పీ పెంచి ఇస్తాను" అని రాశావు. లెవల్ పెరగడానికి పోగుచేసుకునే పాయింట్లే కదా ఎక్స్‌పీ. నీ వయసులో ఉన్నప్పుడు ఇవే మాటలు నేను విన్నాను. అప్పట్లో అక్కయ్యపాలెంలో ఒక మేడ మీది గదిలో ఆడేవాళ్ళం. నడిపింది నా స్నేహితుడు. చాలా మంచివాడు, పాచిక దాచి వేసేవాడు కాదు. లెవల్ పెరగడం మరీ ఆలస్యమవుతోందని మేమే సణుగుతుంటే విని, మా మీద అభిమానంతోనే మార్చాడు. బంగారానికి ఎక్స్‌పీ లేదు, చంపినదానికి పుస్తకంలో ఉన్నదానికి పదింతలు. పదింతలు ఎందుకంటే, పుస్తకం ప్రకారం ఆర్క్ అనే రాక్షసుణ్ణి చంపితే వచ్చేది పది. యోధుడు రెండో లెవల్‌కి రావాలంటే రెండు వేలు కావాలి. పంచుకోకుండా ఒక్కడే తీసుకున్నా రెండొందల ఆర్క్‌లు. లెక్క చూస్తే వాడు చేసింది న్యాయంగానే కనిపించింది.

ఆ గుంపులో బ్యాంకులో పనిచేసే ఒకావిడ ఉండేది. ఆవిడ దొంగ పాత్ర, నాలుగు ముఖాల పాచికకి వచ్చిన ప్రాణం. గట్టిగా మాట్లాడేది కాదు. గ్రాఫ్ పేపర్ మీద మ్యాపు గీసేది, తలుపులకి ఒక రంగు, మెట్లకి ఒక రంగు. నేల మీద కాసిని నీళ్ళు పోసి, ఎక్కడ ఇంకితే అక్కడ గొయ్యి ఉందని పట్టేసేది. రెండో అంతస్తు గేటు దగ్గర ఆరుగురు గాబ్లిన్లు, పొట్టి రాక్షసులు, కాపలా ఉండేవాళ్ళు. మేమందరం కత్తులు దూస్తుంటే ఆవిడ, "నా సంచిలో ఎండుచేపలున్నాయి, ఇస్తాను" అంది. ఎదుటివాళ్ళు మంచిగా ఉంటారో మీద పడతారో చూడ్డానికి నా స్నేహితుడు రెండు పాచికలు వేశాడు, ఎక్కువ పడితే మంచిది, పదో పదకొండో పడింది. అప్పటినుంచి ఆ గేటు మాకు తెరిచే ఉండేది. వెళ్ళినప్పుడల్లా చేపలు ఇచ్చి లోపలికి వెళ్ళేవాళ్ళం, బంగారం మోసుకుని అదే దారిన వచ్చేవాళ్ళం.

రూల్ మారిన వారమే గేటు దగ్గరకి రాగానే ఒకడు లెక్క కట్టాడు. గాబ్లిన్‌కి ఐదు, పదింతలంటే యాభై, ఆరుగురికి మూడొందలు. ఆవిడ సంచిలోంచి చేపలు తీస్తున్నానని చెప్పింది. ఈలోగా పాచికలు పడిపోయాయి. ఆరుగురూ చచ్చారు. ఆవిడేమీ అనలేదు. మ్యాపులో ఆ గేటు పక్కన రాసుకున్న గుర్తుని రబ్బరుతో చెరిపి, కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుంది. తరవాత ఒకటి రెండు వారాలు వచ్చింది, ఆపైన మానేసింది. ఇంట్లో పని ఉందని కబురు పంపేది.

ఆవిడ వెళ్ళిపోవడంతో ఆగలేదు. దారిలో తిరిగే రాక్షసులంటే అంతకుముందు మాకు హడల్. రెండు టర్న్‌లకోసారి పాచిక వేస్తే ఆరింట ఒకసారి వచ్చి పడతారు, వాళ్ళ దగ్గర బంగారమా ఉండదు, పోయేది మన ప్రాణమే. అందుకే గబగబా పని కానిచ్చుకునేవాళ్ళం. కొత్త రూల్ వచ్చాక వాళ్ళే మాకు జీతం అయ్యారు. తలుపు మూసుకుని డాళ్ళు వాయిస్తూ కూర్చునేవాళ్ళం, వస్తే చంపుదామని. ధైర్యం చెడి పారిపోయే శత్రువుని ఇదివరకు పోనిచ్చేవాళ్ళం, ఇప్పుడు వెంటపడి నరకాల్సి వచ్చింది, పోతే ఎక్స్‌పీ పోతుంది కదా. బంగారం మోసే పని లేదు కాబట్టి బరువు లెక్క పోయింది. ఎవరితోనూ మాట్లాడే పని లేదు కాబట్టి ఆ రెండు పాచికలు పక్కన పడి ఉండేవి. వాడు మార్చింది ఒక్క రూల్. కదిలింది మాత్రం దాన్ని ఆనుకుని ఉన్న అన్నీ. కొన్నాళ్ళకి ఆ గదిలో ఆట ఆగిపోయింది, నలుగురం నాలుగు దిక్కులయ్యాం. మళ్ళీ నేను మొదలుపెట్టినప్పుడు నోట్‌బుక్‌లో మొట్టమొదట రాసిన రూల్ ఆ బంగారందే. నువ్వు ఎర్ర సిరాతో కొట్టేసింది దాన్నే.

నీ పద్ధతి నీది. లెవల్ తొందరగా రావాలంటే నిధులు పెంచు, లేదా నాణేనికి రెండు ఎక్స్‌పీ ఇయ్యి. కథ కోసం ఇవ్వాలనిపిస్తే కొత్త చోటు కనిపెట్టినందుకు ఇయ్యి. చంపడానికి మాత్రం పెంచకు.

చావు గురించి కూడా ఓ మాట. మీ స్నేహితురాలి మంత్రగత్తె మొదటి రోజే చచ్చిపోయిందని, ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుందని మీ అమ్మ చెప్పింది. హిట్ పాయింట్లు సున్నా అయితే చావు అన్నదాన్ని మైనస్ పది దాకా ఎందుకు జరిపావో అప్పుడర్థమైంది. అది 1979 నాటి అడ్వాన్స్‌డ్ ఆట డీఎం పుస్తకంలోదే, కొత్తదేం కాదు. కానీ చూడు, మొదటి లెవల్ మంత్రగత్తెకి సున్నా పైన మామూలుగా ఉండేది మహా అయితే నాలుగు, కింద పదా? బతికున్నప్పటికంటే పడిపోయాకే ఎక్కువ ప్రాణం ఉన్నట్టు. దానికంటే సున్నా అయినప్పుడు చావు మీద ఒక సేవింగ్ త్రో, అంటే తప్పించుకోవడానికి ఒక పాచిక వేయించు. గెలిస్తే చావదు, స్పృహ తప్పుతుంది, మిగతావాళ్ళు మోసుకురావాలి. ఇంకో పని చెయ్యి, మొదటి రోజే ప్రతివాళ్ళనీ ఒక కూలిమనిషిని పెట్టుకోమను. అసలు పాత్ర పోతే ఆ మనిషితో ఆడతారు, మిగిలిన సాయంత్రమంతా ఆ పిల్ల పక్కన కూర్చుని చూస్తూ ఉండక్కర్లేదు. నువ్వు ఏడ్చినప్పుడు కూడా నేను అదే చేశాను, గుర్తుందో లేదో. నీ మరుగుజ్జు పాత్ర పోయినప్పుడు కాగడా పట్టుకొచ్చిన కుర్రాణ్ణి నీ చేతిలో పెట్టాను. వాడే కదా నీకు తొమ్మిదో లెవల్ దాకా వచ్చింది.

మార్పులన్నీ ఒకేసారి పెట్టకు. రెండు రూల్స్ పెట్టి మూడు వారాలు ఆడు, తరవాత అందరినీ అడుగు. ఎక్కువ మాట్లాడేవాళ్ళని చివర్లో అడుగు. మాట్లాడనివాళ్ళని ముందు అడుగు, అదీ అందరి ఎదుటా కాదు, టీ తాగేటప్పుడు విడిగా. ఆట మధ్యలో మాత్రం ఏ రూలూ మార్చకు, నీదే తప్పని తేలినా సరే, ఆ రోజుకి పాతదాంతోనే కానిచ్చి వచ్చేవారం మార్చు. దీని మీద నాతో వాదించకు, వినను.

కొత్త కాగితం ఫోన్‌లో పెట్టి ఊరుకోకు. ద్వారకానగర్‌లో జిరాక్స్ తీయించి తలా ఒకటి చేతికియ్యి, పైన తేదీ వెయ్యి. లామినేషన్ చేయిస్తే మంచిది, ఈ ఊరి ఉక్కకి కాగితాలు మెత్తబడిపోతాయి. నా పాత నోట్‌బుక్ బీరువా కింది అరలో ఉంది, అట్ట ఊడింది, జాగ్రత్తగా తియ్యి. పాచికల సంచీ అందులోనే ఉంది, ఇరవై ముఖాలది ఒకటి అంచు అరిగింది, వాడకు.

మొదటి ఆదివారం నేనూ వస్తాను. పెద్దవాణ్ణని నాకేమీ ప్రత్యేకం వద్దు. నా పాత్ర బలాబలాలకి అందరిలాగే మూడు పాచికలు వరసగా వేసి, వచ్చిందేదో దాంతోనే ఆడతాను. నాకో జిరాక్స్ ఎక్కువ తీయించు.

మీ మావయ్య