బాపు గొంగడికి చిమ్మెట పట్టింది, కలరా ఉండలు మాత్రం వద్దు

ప్రశ్న: నమస్తే అక్కా. మా బాపు గొంగడి, మా అవ్వ పట్టుచీరలు రెండు, నా ఉన్ని శాలువా ఒకే బీరువాలో ఉన్నాయి. కలరా ఉండలు వేస్తే తలుపు తీయగానే తలనొప్పి పట్టుకుంటోంది. అమ్మాయి పురిటికి వస్తోంది, రెండు నెలల్లో ఇంట్లో పసిపాప ఉంటుంది. ఉండలు తీసేస్తే పురుగు తినేస్తుందేమోనని టెన్షన్. గొంగడి అంచున అప్పుడే రెండు చిల్లులు కనిపించాయి. ఏం చేయను?
– ఒక పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: అమ్మా, ఆ ఉండలు ఇవాళే తీసేయండి. పసిబిడ్డ వస్తోందన్నారు కాబట్టి మొదట ఈ మాటే చెప్పాలి. కొందరు పిల్లలకు పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. ఈ ఉండల్లోని నాఫ్తలీన్ అనే రసాయనం ఆవిరి పట్టిన బట్టల్లో చుట్టినా అలాంటి పిల్లల ఎర్ర రక్తకణాలు చితికి, కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. పాకే వయసు వచ్చాక ఆ తెల్ల ఉండ పిప్పరమెంటు బిళ్లలా కనిపిస్తుంది, అదింకో భయం. ఆ బీరువాలోని పాత చీరలతో పొత్తిగుడ్డలు చేసే ఆలోచన ఉంటే ఉతికి, నాలుగు రోజులు ఎండకూ గాలికీ ఆరేసి, వాసన పూర్తిగా పోయిందనుకున్నాకే బిడ్డ దగ్గరికి తీసుకెళ్లండి.

ఇక చిమ్మెట సంగతి. బీరువా తెరిస్తే ఎగిరే లేత బంగారు రంగు రెక్కల పురుగు బట్ట తినదు. గుడ్లు పెట్టి పోతుంది, అంతే. తినేది గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు. చీకటి, కదలిక లేని మడత, చెమటో నూనో అంటిన ఉన్ని దానికి కావాలి. 28 ఏళ్లుగా రఫ్ఫు పని చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే శాలువాల్లో చిల్లులు ఎక్కువగా మెడ దగ్గర, మరక పడ్డ చోట, మడత లోపలే ఉంటాయి.

మా నాన్నగారి గోధుమ రంగు శాలువా నా చేతుల మీదే పాడైంది. ఒక పెళ్లిలో దాని మీద పులుసు చుక్క పడింది. తడిగుడ్డతో తుడిచి, మడతపెట్టి, మధ్యలో మూడు కలరా ఉండలు వేసి దాచాను. రెండేళ్లకు విప్పితే ఆ మరక ఉన్న చోటంతా జల్లెడ. ఒళ్లో ఇసుక రవ్వల్లాంటివి రాలాయి. వేలితో నలిపి చూస్తే అవీ గోధుమ రంగే. పురుగు ఏ రంగు ఉన్ని తింటే దాని రెట్టా ఆ రంగులోనే ఉంటుందని ఆ రోజే తెలిసింది. ఆవిరి బయటికి పోకుండా గట్టిగా మూసిన పెట్టెలో అయితే నాఫ్తలీన్ పురుగును చంపుతుంది. మన బీరువా తలుపు సందుల్లోంచి అది ఇంట్లోకి వచ్చేస్తుంది. అందుకే తలనొప్పి మీకు వచ్చింది, చిల్లులు గొంగడికి పడ్డాయి.

గొంగడిని మిట్టమధ్యాహ్నం ఎండలో మేడ మీద పరచండి. నల్ల ఉన్ని కాబట్టి బాగా వేడెక్కుతుంది, ఆ వేడికి పురుగు నిలవదు. రెండు గంటలకొకసారి తిరగేసి, కర్రతో దులిపి, అంచుల్ని గట్టి బ్రష్‌తో రుద్దండి. మూడు రోజులు వరుసగా ఇలా చేయండి. తర్వాత ఏటా రోహిణి కార్తెలో ఒకసారి, వానలు తగ్గాక దసరా ముందు ఒకసారి చాలు. పాతకాలంలో గొంగడికి పురుగు పట్టే తీరిక ఉండేది కాదు. రోజూ కప్పుకునేవాళ్లు, పరుచుకునేవాళ్లు. మీ బాపు గుర్తుగా దాచారు, అర్థమైంది. అయినా చలికాలంలో నాలుగు రోజులు కప్పుకోండి, దానికదే మంచిది.

శాలువాను ఎండబెట్టకండి, రంగు వెలిసిపోతుంది. ఉతికించి, బాగా ఆరాక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, గాలి నొక్కేసి, మూతి కట్టి ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. మైనస్ 18 డిగ్రీల చలిలో గుడ్లు, పురుగులు రెండూ చస్తాయి. బయటికి తీశాక వెంటనే మూతి విప్పొద్దు. కవరు మీద పట్టిన చెమ్మ ఆరాక విప్పితే శాలువా తడవదు.

పట్టుచీరలు నీడలో ఒక పూట గాలికి ఆరేసి, గంజి లేకుండా ఉతికిన మెత్తటి పాత పంచెలో చుట్టండి. షాపులో ఇచ్చిన ప్లాస్టిక్ కవర్లో ఉంచితే చెమ్మ పట్టి జరీ నల్లబడుతుంది. మూడు నెలలకొకసారి మడత మార్చండి, లేకపోతే మడత దగ్గరే పట్టు చిరుగుతుంది.

మంచి వాసన కావాలంటే వస కొమ్ము, లవంగాలు, వట్టివేళ్లు పలచని గుడ్డలో మూటకట్టి బీరువా మూలలో పెట్టండి. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తాళపత్రాల మధ్య వస, లవంగం, మిరియాలు కలిపిన పొడి మూటలు పెట్టే పద్ధతి ఉంది. వేపాకు వాడితే నీడలో గలగలలాడేలా ఎండాలి, పచ్చిది మరక చేస్తుంది. లవంగం మూట పట్టుకు తగిలితే నూనె అంటుతుంది, దూరంగా పెట్టండి. ఇవి కొత్త పురుగును కొంత ఆపుతాయి కానీ, లోపల ఉన్న పురుగును చంపవు. అందుకే ముందు ఆ ఎండ, ఆ ఫ్రీజరు.

ప్రశ్న: నా గంజి పంచెలను వెండి రంగులో జారిపోయే పురుగులు కొరుకుతున్నాయి. ఇవీ చిమ్మెటలేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: కాదండీ, అవి సిల్వర్‌ఫిష్ అనే వేరే పురుగులు. వాటికి గంజి, కాగితం, చెమ్మ ఇష్టం. మీది సముద్రపు గాలి, చెమ్మకు కొదవ లేదు. దాచే పంచెలకు గంజి పెట్టకండి, కట్టుకునే ముందు రోజు పెట్టించుకోండి. అరల్లో పరిచిన న్యూస్‌పేపర్లు తీసేసి నూలుగుడ్డ వేయండి. బీరువాను గోడకు జానెడు దూరం జరిపి, వెనక గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. చల్లగా తడి తగిలితే బీరువా అక్కడి నుంచి మార్చాల్సిందే.