మిస్సింగ్ వెతికే ముందు, మా మేనకోడలికి

అమ్మలూ,

మీ నాన్న పాత మారుతి 800 మిస్సింగ్ కొడుతోందని, అంటే ఇంజన్ మధ్యమధ్య దెబ్బ తప్పుతోందని, మెకానిక్‌కి ఇవ్వకుండా నువ్వే చూసుకుంటానంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. బాగయ్యాక దసరాకి అదే బండిలో విజయవాడ వస్తావట. మీ అత్తయ్యకి చెప్పాను, వీధిలో ఇద్దరు ముగ్గురికి కూడా చెప్పుకున్నాను. రాత్రి పడుకున్నాక మాత్రం టెన్షన్ పట్టుకుంది. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను.

ముందు బ్యాటరీ టెర్మినళ్లు శుభ్రం చెయ్యి. ఎయిర్ ఫిల్టర్ చూడు. చున్నీ వేసుకుని బానెట్ కింద వంగకు, జుట్టు ముడేసుకో.

స్పానర్ పట్టుకునే ముందు బండి ఎప్పుడు మిస్ అవుతోందో కనిపెట్టు. తెల్లవారుజామున, వాన పడ్డప్పుడు అయితే స్పార్క్ ప్లగ్గు వైర్ల మీద, సిలిండర్లకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ (మూత) మీద అనుమానం. బాగా వేడెక్కాక మొదలైతే స్పార్క్‌కి కరెంటు పెంచే కాయిల్, దానికి తోడుండే కండెన్సర్. చోక్ కొంచెం లాగగానే సర్దుకుంటే పెట్రోల్ తక్కువ అందుతోందన్న మాట: పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రం, జెట్‌లో మురికి ఉండొచ్చు, లేదా ఏదో వాక్యూమ్ పైపు పగిలి గాలి పీల్చుకుంటూ ఉండొచ్చు. సైలెన్సర్ దగ్గర నిలబడి విను. డప్పు దరువులో ప్రతిసారీ అదే దెబ్బ తప్పినట్టు వినిపిస్తే తప్పు ఒక్క సిలిండర్‌ది. ఇష్టమొచ్చినట్టు తప్పుతుంటే అన్నిటికీ ఉమ్మడిగా ఉండే కాయిల్, డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే రోటర్, కరెంటు తెంపి కలిపే పాయింట్, పెట్రోల్ వైపు చూడాలి. మీ బండికి ఉన్నవే మూడు సిలిండర్లు. ఒకటి పడుకుంటే బలంలో మూడో వంతు పోతుంది, బండంతా ఊగుతుంది. అందుకే దాన్ని పట్టుకోవడం తేలిక.

ఇప్పుడు నా భయం చెబుతాను.

నేను ఆటోనగర్‌లో పని నేర్చుకున్న షెడ్డు మేస్త్రి సైలెన్సర్ దగ్గర చెవి పెట్టి ఏ సిలిండర్ చచ్చిందో చెప్పగలిగేవాడు. ఆయనంతటి చెవి నేను మళ్లీ చూడలేదు. ఒక సాయంత్రం పెళ్లివాళ్ల అంబాసిడర్ వచ్చింది. ముహూర్తానికి చేరాలని వాళ్లు తొందరపెడుతున్నారు. స్టార్ట్ చెయ్యాలని అప్పటికే యాక్సిలరేటర్ తెగ తొక్కారు, ఇంజన్ అంతా పెట్రోల్ తడే. మేస్త్రి ఒక ప్లగ్గు విప్పి, వైరు తగిలించి, ఆ రంధ్రం పక్కనే హెడ్ మీద పెట్టాడు. స్పార్క్ వస్తోందో లేదో చూడాలి కదా. నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. కొట్టాను. తెరిచిన రంధ్రంలోంచి పిస్టన్ పెట్రోల్‌ను పొగమంచులా బయటికి చిమ్మింది. పక్కనే స్పార్క్. స్టీరింగ్ ముందు కూర్చున్న నాకు ఆయన కనిపించలేదు, లేపిన బానెట్ అంచు కింద పసుపు వెలుగు మాత్రం కనిపించింది. ఎవరో గోనెసంచి తడిపి కప్పారు. ఎవరో నీళ్లు తెస్తుంటే ఇంకొకరు ఆపారు, పోస్తే మంట నీళ్ల మీద తేలుతూ పాకేది. కుడి చేతి వేళ్లు కాలాయి. మానాయి గానీ, ప్లగ్గు మర సరిగ్గా ఎక్కుతోందో లేదో వేలితో తెలుసుకునే స్పర్శ ఆయనకు మళ్లీ రాలేదు. అసలు తప్పు ఎక్కడుందో మర్నాడు తేలింది. రోటర్‌లో సన్నటి చీలిక. ప్లగ్గులన్నీ బాగానే ఉన్నాయి.

అంత తెలిసినవాడికే తొందరలో అలా జరిగింది తల్లీ. నువ్వు ఇంకోలా చెయ్యి. పనికొచ్చే పాత ప్లగ్గు ఒకటి దగ్గర పెట్టుకో. ఇంజన్ ఆపి ఉండగా ఒక సిలిండర్ వైరు మాత్రమే తీసి ఆ పాత ప్లగ్గుకు తగిలించు, దాని ఇనప ఒంటిని ఒక తీగతో ఇంజన్ బాడీకి గట్టిగా ఎర్త్ చెయ్యి. పెట్రోల్, గాలి కలిపే కార్బొరేటర్‌కి దూరంగా పెట్టు. అసలు ప్లగ్గు దాని రంధ్రంలోనే ఉండాలి. అప్పుడు స్టార్ట్ చెయ్యి. నీలంగా, చిటపటమని పడితే స్పార్క్ బాగుంది. పసుపుగా, నీరసంగా ఉంటే బాగాలేదు. ఆ వైరు తీసినా ఇంజన్ శబ్దం ఏమీ మారలేదంటే చచ్చిన సిలిండర్ అదే. ఎక్కువసేపు నడపకు, కాలని పెట్రోల్ సైలెన్సర్‌లోకి పోతుంది. నడుస్తుండగా వైరు చేత్తో లాగావో, వేల వోల్టులు కొడుతుంది, చెబుతున్నా!

ఇంకోటి, పెట్రోల్ పైపులు. 2023 నుంచి బంకుల్లోకి వస్తున్న ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసిన రబ్బరు కాదు మీ బండిది. ఉబ్బుతుంది, పగుళ్లిస్తుంది. మిస్సింగ్‌తో సంబంధం ఉన్నా లేకపోయినా ముందు అవి మార్చేయి. పక్కన ఇసుక బకెట్ ఉంచు. నవ్వకు.

ఇంజన్ చల్లారాకే ప్లగ్గులు విప్పు. హెడ్ అల్యూమినియం, వేడిమీద తిప్పితే మర పోతుంది. బిగించేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే. విప్పిన ప్లగ్గు మొన లేత ఇటుక రంగు అయితే మంచిది. పొడి మసి అయితే పెట్రోల్ ఎక్కువ, జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది, పెట్రోల్‌తో తడిసి ఉంటే స్పార్క్ లేదు. చచ్చిన సిలిండర్ ప్లగ్గును పక్కదానిలో పెట్టి చూడు. జబ్బు కూడా పక్కకు పోతే ప్లగ్గుదే. పోకపోతే వైరు మార్చి చూడు. ఒకసారికి ఒకటే మార్చాలి, అన్నీ కొత్తవి వేసేస్తే జబ్బు ఏదో ఎప్పటికీ తెలియదు. స్పార్క్, ప్లగ్గు, వైరు అన్నీ బాగున్నా ఆ సిలిండర్ లేవకపోతే కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుడు, చూపించాలి, అది ఇంట్లో అయ్యే పని కాదు. వైర్లు తీసే ముందు టేపు మీద నంబర్లు రాసి అంటించు. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-3-2. క్యాప్ లోపల వెంట్రుకలాంటి నల్ల గీత కనిపిస్తే క్యాప్ మార్చడమే.

వీటన్నిటికంటే ముందు కార్బొరేటర్ స్క్రూలు తిప్పావంటే ఊరుకోను. అందరూ ముందు చెయ్యి పెట్టేది అక్కడే. చాలాసార్లు తప్పు కరెంటు వైపే ఉంటుంది.

చిన్నప్పుడు నా టూల్‌బాక్స్‌లో స్పానర్లు సైజుల వారీగా పేర్చేదానివి. ఆ ఓపిక ఉంటే చాలు, నీకు వస్తుంది ఈ పని.

బాగయ్యాక వెంటనే విజయవాడకి బయల్దేరకు. ముందు ఆ దారిలోనే ఉన్న చౌటుప్పల్ దాకా వెళ్లి తిరిగి రా, ఇంజన్ వేడి మీద ఎలా ఉందో చూడు. ప్లగ్గులు విప్పగానే 1, 2, 3 వరసలో పెట్టి ఫొటో పంపు. ఆదివారం మధ్యాహ్నం మొదలుపెట్టు, ఫోన్ పక్కనే పెట్టుకుని ఉంటాను.

మామయ్య